వెనిగర్‌తో తుడిచిన కంప్యూటరు

ఆ ఏడు ఏప్రిల్‌లో మా ఊరి మీదికి పొగమంచు దిగింది, తిరిగి వెళ్ళడం మరిచిపోయింది. పైన ఎక్కడో ఎండ కాస్తోందని తెలుస్తూనే ఉండేది గానీ అది కిందిదాకా వచ్చేది కాదు. పొలాల మీద మంచు కరిగి మట్టిరోడ్లన్నీ బురదైపోయాయి. సెయింట్ జాన్ నది మీద గడ్డకట్టిన మంచు లోలోపల మూలుగుతూ ఉండేది. ఇవతల మేము అమెరికా, అవతలి ఒడ్డు కెనడా. అక్కడి చర్చి గంట వినబడేది, చర్చి మాత్రం కనబడేది కాదు. ఆ మూడు వారాలూ నేను మెలకువలోనే ఉన్నానా, పగటి నిద్రలో ఉన్నానా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

నా పేరు క్లోవిస్. ముప్ఫై ఒక్కేళ్ళు మా ఊరి చెత్తకేంద్రం చూసుకున్నాను. శనివారం వచ్చిందంటే ఊళ్ళో ఎంత గొప్పవాడైనా బండిలో చెత్త వేసుకుని నా దగ్గరికి రావలసిందే. చెత్తతోపాటు కబుర్లూ తెచ్చేవారు. ఎవరింటికి కొత్త పరుపు వచ్చిందో, ఎవరింట్లో ఖాళీ సీసాలు పెరిగాయో నాకు ముందు తెలిసేది, నా ద్వారా మిగతా అందరికీ తెలిసేది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనలేదు.

నా భార్య జెర్మేన్ నాకు పూర్తిగా విరుద్ధం. ఇరవై రెండేళ్ళు మా నది ఒడ్డు ఆసుపత్రికి ఇంట్లోనే కూర్చుని టైపు చేసింది. రోగిని చూశాక డాక్టర్లు ఏం చూశారో, రోగి ఏం చెప్పాడో రికార్డు చేసి పంపేవారు. ఈమె మా ఇంటి కింది గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కుడికాలి కింద పెడల్‌ను నొక్కుతూ వదులుతూ, ఆ మాటల్ని అక్షరాల్లో పెట్టేది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కూడా ఆ కాలు దుప్పటి కింద నొక్కుతూ వదులుతూ ఉండేది. నిద్రలో ఎవరి గొంతు వింటోందో అని చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఊళ్ళో సగం మంది లోపలి సంగతులు ఆమెకు తెలుసు. అయితే ఏం లాభం? భోజనాల దగ్గర నేను, "ఫలానావాడికి గుండెజబ్బట కదా?" అంటే, "ఉప్పు ఇటివ్వు," అనేది. "నీకు తెలిసే ఉంటుందిలే," అంటే, "ప్లాయ్ చల్లారిపోతోంది, తిను," అనేది. బక్‌వీట్ పిండితో ఆమె కాల్చే ప్లాయ్ అట్లు ఊళ్ళో ఎవరూ కాల్చలేరు. వాటిని వెన్నతో తింటూ నేను ఒక్కణ్ణే వాగేవాణ్ణి. నా సంసారంలో నాకున్న పెద్ద బాధ అదే అనుకునేవాణ్ణి.

ఆ వసంతం తరవాత నేను ఊరి కబుర్లు మోయడం మానేశాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆసుపత్రీ లేదు, నా తమ్ముడు గాస్పార్ కూడా లేడు. పోయేముందు, "రాసుకో అన్నా, ఏం ఫర్వాలేదు," అన్నాడు. రాసిందంతా జెర్మేన్‌కి చదివి వినిపించాను. ఒకచోట రెండు మాటలు కొట్టెయ్యమంది. కొట్టేశాను.

ఆసుపత్రి ఆ చలికాలంలోనే మూతపడింది. జెర్మేన్ పని అయిపోయింది. ఏప్రిల్ మొదట్లో వాళ్ళ అక్కకి మోకాలి ఆపరేషనైతే సాయానికని కారిబూ పట్నం వెళ్ళింది. అక్కణ్ణించి ఫోను చేసింది.

"కింద గదిలో నా కంప్యూటరు ఉంది చూడు."

"ఉంది. ఎక్కడికి పోతుంది?"

"ఇంక దాంతో నాకు పనిలేదు. కానీ తుడవకుండా మాత్రం అది గడప దాటకూడదు. అర్థమైందా?"

"ఎవరితో మాట్లాడుతున్నావు నువ్వు? తుడవకుండా వస్తువు బయటపెట్టే మనిషినా నేను?"

"సరే సరే. గుర్తు పెట్టుకో," అని ఫోను పెట్టేసింది.

ఇక్కడ మా చెత్తకేంద్రం సంగతి కొంచెం చెప్పాలి. పక్కనే ఒక రేకుల షెడ్డు ఉంది. ఇంకా పనికొచ్చే వస్తువు ఏదైనా అక్కడ పెట్టిపోవచ్చు, కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చు. పెట్టినవాళ్ళు ఎవరని అడగం, తీసుకున్నవాళ్ళు ఎవరని చూడం. ఊళ్ళో అందరూ వేళాకోళంగా దాన్ని 'మాల్' అంటారు. మా ఇళ్ళల్లో కుర్చీలు, పిల్లల మంచుబళ్ళు, కాఫీ కెటిళ్ళు అలా చేతులు మారుతూ తిరుగుతూ ఉంటాయి. దానికి ఒకటే నియమం. షెడ్డు గుమ్మం మీద ఎర్రరంగుతో నేనే రాశాను: 'తుడిచి పెట్టండి'. మురికి వస్తువు పెట్టిపోతే ఎదుటివాణ్ణి అవమానించినట్టే. మా అమ్మ కాలం నుంచీ అంతే.

కాబట్టి కంప్యూటరును తుడిచాను. ఎలా తుడిచాననుకున్నారు! ముందు తడిగుడ్డతో, తరవాత వెనిగర్‌తో, ఆ తరవాత పొడిగుడ్డతో. అక్షరాల మీటల మధ్య ఇరవై రెండేళ్ళ ప్లాయ్ పిండి ఉంది. దూది చుట్టిన పుల్లతో ఒక్కొక్కటే తీశాను. వెనక చిల్లుల్లో దుమ్ము ఊదాను. మీటల పలక కింద జెర్మేన్ చేతిరాతతో ఏవో అక్షరాలు, అంకెలు రాసిన కాగితం ముక్క అతికించి ఉంది. దాన్ని మెల్లిగా ఊడదీసి, కింద పాత జిగురంతా గీకేసి, కొత్త టేపుతో మళ్ళీ అక్కడే అతికించాను. తీసుకున్నవాళ్ళకి అక్కరకొస్తుంది కదా అని. పనంతా అయ్యాక చూస్తే అది పెళ్ళికొడుకు బూటులా ఉంది. ఇంత శుభ్రమైనదాన్ని పాత ఎలక్ట్రానిక్ సామాను పోగులో పడెయ్యడానికి మనసొప్పలేదు. మాల్‌లో పెట్టాను.

ఆ శనివారం పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, మనుషులు నడుముదాకానే కనబడేవారు. ముందు రెండు పచ్చటి దీపాలు, తరవాత ఒక తలుపు చప్పుడు, తరవాత రెండు రబ్బరు బూట్లు. "ఏం క్లోవిస్," అని గొంతు వినబడితే గానీ ఎవరో తెలిసేది కాదు. నేను వాళ్ళందరికీ పేరుపేరునా జవాబిస్తూ, ఎక్కడో నీళ్ళ అడుగున నిలబడి ఉన్నట్టు తేలిగ్గా ఉన్నాను. మధ్యాహ్నానికి చూస్తే కంప్యూటరు లేదు. నచ్చి ఎవరో పట్టుకుపోయారని సంబరపడ్డాను.

జెర్మేన్ బుధవారం వచ్చింది. కోటు విప్పుతూనే కింది గదిలోకి దిగి పైకి వచ్చింది.

"కంప్యూటరేది?"

"మాల్‌లో పెట్టాను. గంటల్లో పోయింది."

"తుడిచావా?"

"అద్దంలా."

"నీకు తుడవడం ఎవరు నేర్పారు?" అంది. మొహంలో ఆశ్చర్యమూ, కొంచెం మెచ్చుకోలూ కూడా ఉన్నాయి. అలాంటి చూపు నాకు అరుదుగా దొరుకుతుంది.

"ఎవరైనా నేర్పాలా? ముప్ఫై ఒక్కేళ్ళ అనుభవం."

"ఎంతసేపు పట్టింది?"

"గంట."

"గంటేనా? ఐదారు గంటలు పడుతుందన్నారే నాతో."

"చెయ్యి తిరిగినవాడికి గంట చాలు."

కోటు ఒక చెయ్యి విప్పి, ఇంకో చెయ్యి విప్పకుండా ఆగిపోయింది. "క్లోవిస్, దేంతో తుడిచావు?"

"వెనిగర్‌తో," అన్నాను.

ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. కోటు సగం ఒంటిమీదే ఉంది. మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. తుడవడమంటే లోపలిది తుడవడం. పేరు, పుట్టినరోజు, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఏ జబ్బు, ఎప్పణ్ణించి, ఎవరివల్ల, ఆ మనిషి తలుపేసుకుని డాక్టరుతో ఏం చెప్పుకున్నాడు, అన్నీ అందులో ఉన్నాయి. ఊరికే చెరిపేస్తే పోవు. చెరిపినప్పుడు పోయేది పేరు ఒక్కటే, మాటలు లోపలే ఉండిపోతాయి, తెలిసినవాడు పైకి లాగగలడు. దానికని వేరే పద్ధతి ఉంది, దాంతో గంటల తరబడి తుడవాలి. లేకపోతే లోపలి డిస్కు బయటికి తీసి చిల్లులు పొడవాలి.

"నీ పనయ్యాక చెరిపేసే ఉంటావు కదా," అన్నాను.

"అరవై రోజులకి చెరిపెయ్యమన్నారు."

"మరి?"

"చెరపలేదు." బల్ల మీది ఉప్పుగిన్నె కేసి చూస్తూ అంది. "ఒక్కటీ చెరపలేదు. వాళ్ళు ఒక్కరికి చెప్పుకున్న మాటలవి. మధ్యలో నేను విన్నాను. విన్నాక పారేస్తే, మనిషిని గుమ్మంలోంచి బయటికి గెంటినట్టుండేది. అందుకని ఉంచాను. ఎవరికీ తెలియదులే అనుకున్నాను."

ముప్ఫై తొమ్మిదేళ్ళ సంసారంలో ఆమె తప్పు చేసిందని ఆమె నోటినుంచి వినడం అదే మొదటిసారి. నాకు జాలేసింది, భయమూ వేసింది. ఊళ్ళో జెర్మేన్‌ను చూస్తే అందరూ ఎందుకు తల వంచి నమస్కారం పెడతారో నాకు తెలుసు. తన సంగతి ఈమె దగ్గర భద్రంగా ఉందని ప్రతివాడికీ తెలుసు. ఒక్క కాగితం బయటపడితే చాలు, ఇంక ఆమె చర్చికి కూడా వెళ్ళలేదు. దాన్ని అలా తుడిచినవాణ్ణి నేను.

"ఊళ్ళో అందరికీ చెప్పేస్తాను. తీసుకున్నవాళ్ళు వాళ్ళే తెచ్చిస్తారు," అన్నాను.

"చెప్పు. అందులో ఏముందో కూడా చెప్పు. తీసుకున్నవాడు ఇవాళ పేకాట ఆడుకోడానికి తీసుకుని ఉంటాడు. నువ్వు చెప్పిన మర్నాటి నించి చదవడం మొదలుపెడతాడు."

అలా నా జీవితంలో మొదటిసారి ఒక రహస్యం నా నోట్లో పడింది. వేడి బంగాళదుంప నోట్లో పెట్టుకున్నట్టుంది. మింగలేను, ఉమ్మలేను. రెండు శనివారాలు మాల్ గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందరి చేతులూ చూశాను. పొగమంచులోంచి బూట్లు వచ్చేవి, బూట్లు వెళ్ళేవి. ఎవరైనా నాకేసి చూసి నవ్వితే, చదివేశాడేమో అనిపించేది. నవ్వకపోతే తప్పకుండా చదివాడనిపించేది. ఇంటికొస్తే జెర్మేన్ కింది గదిలో ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉండేది. ప్లాయ్ కాల్చడం మానేసింది. ఇద్దరం రొట్టెముక్కలు తిని లేచేవాళ్ళం.

మూడో శనివారం పోస్టాఫీసు రెజాన్ వచ్చింది. ఆమెకు నేనంటే వృత్తిపరమైన గౌరవం. ఊళ్ళో కబుర్లు మోసేవాళ్ళం మేమిద్దరమే.

"ఏంటయ్యా క్లోవిస్, మూడు వారాలైంది నీ నోరు తెరుచుకుని. తాళంచెవి పారేసుకున్నావా?"

"పన్ను నొప్పి."

"నీకా? అయితే ఊరికి సెలవిప్పించాల్సిందే." సీసాల సంచీ దింపి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీ వంశానికే ఏదో అయింది. మీ గాస్పార్‌ను చూశావా ఈ మధ్య? ఉత్తరాలకి కూడా రావట్లేదు."

"బురదలే. వాడి రోడ్డు మరీ ఘోరం."

"బురదా లేదు, గిరదా లేదు. ఆ పొగమంచు శనివారం నేను అతనికి ఎదురుపడ్డాను. బండి ముందు సీట్లో ఎవరో కూర్చుని ఉన్నారు, తెల్లగా, బెల్టు పెట్టుకుని. అతని పెళ్ళాం ఒలివెట్ అనుకున్నాను. ఒట్టు, నా గుండె ఆగిపోయింది. ఆరేళ్ళయింది కదా పోయి. దగ్గరికెళ్ళి చూస్తే ఏదో పెద్ద డబ్బా. నీ మాల్ సరుకేనట. డబ్బాకి బెల్టు పెట్టేవాణ్ణి ఎక్కడైనా చూశావా?"

నేను రెజాన్ సంచీ కూడా తీసుకోకుండా ఇంటికి బయల్దేరాను.

గాస్పార్ మా పిన్ని కొడుకు. నాకన్నా రెండేళ్ళు చిన్న. నది మలుపు దగ్గర బంగాళదుంపల పొలం, పొలం చివర ఇల్లు. జెర్మేన్, నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఆ రోజు పొగమంచు పలచబడి పాలలా వెలుగుతోంది. తలుపు కొట్టక ముందే తీశాడు.

"రా వదినా. రా అన్నా. కాఫీ ఇప్పుడే పెట్టాను," అన్నాడు. ఎందుకొచ్చారని అడగలేదు.

వంటింటి బల్ల మీద మా కంప్యూటరు ఉంది. దాని మీద ఒలివెట్ అల్లిన లేసుగుడ్డ కప్పి ఉంది. బల్ల ఇవతల ఒకే ఒక కుర్చీ.

"బాగా తుడిచావన్నా," అన్నాడు గాస్పార్. "నీ చెయ్యి నాకు తెలుసు. చూడగానే నీదే అనుకున్నాను."

"పేకాటకి తీసుకున్నావా?" అడిగాను.

"ఆఁ. ఒక్కణ్ణే ఆడుకోవచ్చంట కదా. సాయంత్రాలు పొద్దుపోదు." కాఫీలు ముందు పెట్టాడు. "దాని అడుగున రాసినవి కొట్టాను, తెరుచుకుంది. పేకముక్కల కోసం వెతుకుతుంటే పేర్లు వచ్చాయి. ఒక పెద్ద వరస. వదినా, మన ఊరంతా ఉంది అందులో."

జెర్మేన్ కప్పు పట్టుకోలేదు. "ఏం చదివావు గాస్పార్?"

"ఏమీ లేదు. పొలం మీద ఒట్టు. ఎవరి పేరూ ముట్టుకోలేదు. ఒలివెట్ పేరుందని మాత్రం చూశాను. దాని కింద తారీకు. సెప్టెంబరు ఇరవై ఎనిమిది."

తరవాత ఏమంటాడో మా ఇద్దరికీ తెలుసు. అయినా అతన్ని చెప్పనిచ్చాం.

"ఆ రోజు గడ్డకట్టే చలి రాబోతోందన్నారు. సగం దుంపలు ఇంకా నేలలోనే ఉన్నాయి. 'పోవయ్యా, పోయి దుంపలు చూసుకో, నేనెక్కడికి పోతాను,' అంది. మూడు గంటల్లో ఆసుపత్రికి తిరిగొచ్చేశాను. మట్టి చేతులతోనే వచ్చాను. అప్పటికే దుప్పటి మార్చేశారు." లేసుగుడ్డ అంచు సర్దాడు. "ఆ మూడు గంటలు ఇందులో ఉన్నాయి. ఏమడిగిందో, ఏమందో. రోజూ దీని ముందు కూర్చుంటున్నాను. బాణం గుర్తు దాని పేరు మీదికి తీసుకెళ్ళి ఆపుతాను. అక్కణ్ణించి చెయ్యి కదలదు."

"గాస్పార్, నేను దీన్ని తీసుకెళ్ళాలి," అంది జెర్మేన్.

"తెలుసు. ఇవ్వను."

"ఇది నా దగ్గర కూడా ఉండకూడనిది. ఉంచడం నా తప్పు. ఇందులో నువ్వొక్కడివే కాదు, అందరూ ఉన్నారు. రేపు నీకేదైనా అయితే ఎవరి చేతుల్లో పడుతుందో."

"పట్టుకెళ్ళి ఏం చేస్తారు?"

"చిల్లులు పొడుస్తాం," అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది.

గాస్పార్ కళ్ళు నా మీదికి తిరిగాయి. అంత మంచి మనిషి కళ్ళలో నేనెప్పుడూ కోపం చూడలేదు. కోపం కాదు, బెదురు. బల్ల మీదున్న దాని చుట్టూ రెండు చేతులూ వేశాడు.

"దాన్నా?" అన్నాడు.

పొయ్యిలో కట్టె ఒకటి విరిగింది. గాస్పార్ తనంతట తనే చేతులు తీశాడు.

"చదవడం నావల్ల కాదు వదినా. చదివితే కాగితం అవుతుంది. డాక్టరు మాటలవుతాయి. నువ్వు చెవులతో విన్నావు కదా. నువ్వు చెప్పు. ఒక్కసారి చెప్పు చాలు. తరవాత నీ ఇష్టం, పట్టుకుపో."

ఇరవై రెండేళ్ళలో ఆమె ఒక్క మాట బయటపెట్టలేదు. నాకే చెప్పలేదు. నేను ఆమె మొహం కేసి చూశాను. ఆమె గాస్పార్ చేతుల కేసి చూస్తోంది. గోళ్ళ కింద మట్టి, ఎప్పటిదో, ఇంక ఎప్పటికీ పోని మట్టి.

"ఆ మాటలు ఒలివెట్‌వి," అంది చివరికి. "నువ్వు అక్కడుండి ఉంటే నీతోనే అనేది. నాకు అలాగే అనిపించింది అప్పుడు కూడా." నాకేసి తిరిగింది. "క్లోవిస్, బయటికెళ్ళు."

"నేనా?"

"నువ్వే."

వరండాలోకి వెళ్ళాను. దాచుకోవడమెందుకు, నాకు అసూయ కలిగింది. ముప్ఫై తొమ్మిదేళ్ళు పక్కన కూర్చుని ప్లాయ్ తింటే నాకు దొరకనిది, గాస్పార్‌కి ఒక మధ్యాహ్నం దొరుకుతోంది. కిటికీ పక్కనే నిలబడ్డాను. జెర్మేన్ కంప్యూటరు తెరవలేదు. లేసుగుడ్డ కూడా తియ్యలేదు. కళ్ళు మూసుకుంది. బల్ల కింద ఆమె కుడికాలు నేలను నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది. పెదవులు కదలడం మొదలైంది. గాస్పార్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంకో రెండు నిమిషాలు చూస్తే పెదవుల్ని బట్టి మాట పట్టేసేవాణ్ణి. ఆ విద్య నాకు బాగా వచ్చు. ఏమైందో నాకే తెలియదు, కిటికీ దగ్గర్నుంచి తప్పుకుని మెట్లు దిగి నది గట్టుదాకా వెళ్ళిపోయాను.

నది కదులుతోంది. ఎప్పుడు విరిగిందో, రాత్రికి రాత్రే విరిగినట్టుంది. గదులంత మంచుపలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ, ఏ తొందరా లేకుండా పోతున్నాయి. ఒక పలక మీద ఎవరిదో చేపలు పట్టుకునే చెక్కగది. చలికాలంలో నది మీద పెట్టి, వెనక్కి లాక్కోవడం మరిచినట్టున్నారు. దానికి చిన్న కిటికీ, కిటికీకి నీలం కర్టెన్. పొయ్యిగొట్టం నిటారుగా ఉంది. లోపల ఎవరో కూర్చుని కాఫీ తాగుతున్నారేమో అన్నంత నెమ్మదిగా అది నా ముందునుంచి వెళ్ళింది. ఇటు అమెరికా, అటు కెనడా, రెండింటికీ చెందకుండా మధ్యలో పోతోంది. మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ కాసేపూ నాకు ఎవరి గురించీ ఏమీ తెలుసుకోవాలనిపించలేదు. అంత హాయి నేను ఎప్పుడూ ఎరగను.

వెనక తలుపు చప్పుడైంది. గాస్పార్ కంప్యూటరును రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగుతున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ మొహం తేటగా ఉంది, నాట్లేసి వచ్చినవాడి మొహంలా.

"ముందు సీట్లో పెట్టనా అన్నా?"

"పెట్టు," అన్నాను.

బెల్టు కూడా పెట్టాడు. లేసుగుడ్డ మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జెర్మేన్ వెనక సీట్లో కూర్చుంది.

దారిలో ఏం చెప్పావని అడగబోయి నాలుక కరుచుకున్నాను. నిజంగానే కరుచుకున్నాను, రక్తం వచ్చింది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. చాలా దూరం పోయాక, "కొంచెం తేలిగ్గా ఉంది," అంది, తనలో తను అనుకున్నట్టు.

అప్పటికి చెత్తకేంద్రం మూసే వేళ దాటి, అక్కడ ఎవరూ లేరు. గొళ్ళెం తీసి నా పనిముట్ల గదిలోకి తీసుకెళ్ళాను. మరలు జెర్మేనే విప్పింది. లోపల తీగల మధ్యనుంచి అరచేతిలో పట్టేంత ఇనప పెట్టె ఒకటి ఊడదీసింది. హార్డ్ డిస్కు అంటే అదేనట. ఊరంతా ఉన్నది అందులోనేనట. దాన్ని బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, డ్రిల్లుకి పెద్ద బిట్టు తగిలించాను.

అప్పుడు అడిగాను. ఒక్కటే అడిగాను.

"నా పేరూ ఉందా ఇందులో?"

"ఉంది."

"ఒకసారేనా?"

"మూడుసార్లు."

రెండు నాకు తెలుసు. వేలు తెగినప్పుడొకటి, కడుపులో పుండుకొకటి. మూడోది నేను ఎవరికీ చెప్పనిది. పదకొండేళ్ళ కిందటి మార్చి నెల్లో ఒక రోజు, వెన్నునొప్పి అని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తలుపేశాక వేరే సంగతి చెప్పాను. పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదనీ, నది మీద మంచు ఎంత పలచబడిందో చూసి రావడానికి రోజూ గట్టుకి వెళ్తున్నాననీ, ఒక్కోరోజు పలచగా ఉన్నచోట అడుగు పెట్టి చూస్తున్నాననీ చెప్పాను. మా ఆవిడకి తెలియకూడదని కూడా చెప్పాను. ఆయన నా భుజం తట్టి మాత్రలు రాసిచ్చాడు. నాకు తట్టనే లేదు, ఆయన తరవాత ఎవరి చెవుల్లో మాట్లాడతాడో.

ఆ వారంలోనే జెర్మేన్ మధ్యాహ్నాలు చెత్తకేంద్రానికి రావడం మొదలుపెట్టింది. థర్మాసులో బఠాణీ సూపు తెచ్చేది. నేను తాగేదాకా బోర్లించిన డబ్బా మీద కూర్చునేది, తాగాక కూడా కదిలేది కాదు. "నీకు పనిలేదా?" అని విసుక్కునేవాణ్ణి. "ఇంట్లో తోచడం లేదు," అనేది. గట్టుకి బయల్దేరితే, "ఉండు, నేనూ వస్తాను, కాళ్ళు పట్టేశాయి," అని నా చెయ్యి పట్టుకుని నడిచేది. నది మంచు పూర్తిగా పోయి నీళ్ళు నీలంగా పారేదాకా ఒక్కరోజు కూడా మానలేదు. నిజంగానే ఆమెకి తోచక అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"మూడోది కూడా విన్నావా?" అన్నాను.

"విన్నాను."

"నాతో ఎప్పుడూ అనలేదే."

"నువ్వు నాకు చెప్పలేదు కదా," అంది. "ఆయనకి చెప్పుకున్నావు."

నేను డ్రిల్లు ఆన్ చేశాను. బిట్టు ఇనుము మీద జారిపోయింది. రెండోసారీ జారిపోయింది. జెర్మేన్ నా పక్కకి వచ్చి, తన చెయ్యి నా చేతి మీద వేసి, కిందికి నొక్కింది.